పంపు కాదు.. తీగే దోషి!
ప్రొక్లెయిన్లలో పీడన సెన్సర్ల విద్యుత్ లోపాలు
క్రమపద్ధతిలో పరీక్షిస్తే తప్పనున్న వృథా వ్యయం

చీమకుర్తి: మిట్టమధ్యాహ్నం. గ్రానైట్ క్వారీలో ఉదయం నుంచి చురుగ్గా పనిచేసిన ప్రొక్లెయిన్ ఉన్నట్టుండి మెత్తబడుతుంది. బకెట్ మట్టిలోకి దిగగానే ఇంజిన్ గుర్రుమంటూ డౌన్ అవుతుంది. బూమ్ లేవడానికి రెట్టింపు సమయం పడుతుంది. క్యాబిన్‌లోని మానిటర్‌పై హెచ్చరిక దీపం వెలిగి, దాని పక్కన ఒక కోడ్ ప్రత్యక్షమవుతుంది. ఆపరేటర్ యజమానికి ఫోన్ చేస్తాడు. ‘పంపు పోయినట్టుంది’ అన్న ఒక్క మాటతో యజమాని గుండెలో రాయి పడుతుంది. ఒకవైపు ఫైనాన్స్ వాయిదా గడువు, మరోవైపు లోడు కోసం వరుసలో నిలిచిన టిప్పర్లు.

చీమకుర్తి, రామతీర్థం ప్రాంతాల క్వారీల్లోనే కాదు, కాలువల పూడికతీత, రహదారుల నిర్మాణం, చేపల చెరువుల తవ్వకం జరిగే ప్రతిచోటా యంత్రాల యజమానులకు ఇది పరిచయమైన దృశ్యమే. ఇటువంటి సందర్భాల్లో హైడ్రాలిక్ పంపును విప్పితే ఖర్చు లక్షల్లో ఉంటుంది. సెన్సర్ మార్చితే వేలల్లో ముగుస్తుంది. అయితే అసలు లోపం ఒరుసుకుపోయిన తీగలోనో, నీరు చేరిన కప్లర్‌లోనో ఉంటే దాన్ని సరిచేయడానికి అయ్యే వ్యయం స్వల్పం. ఈ మూడింటిలో ఏది దోషి అనేది తేల్చడానికి ఒక మల్టీమీటరు, సర్వీసు మాన్యువల్‌లోని వైరింగ్ పటం, కొంత ఓపిక ఉంటే చాలు. విప్పడానికి ముందు కొలవాలన్న చిన్న నియమాన్ని పాటించకపోవడం వల్లే బాగున్న పంపులు బెంచి మీదికి, బాగున్న సెన్సర్లు చెత్తబుట్టలోకి చేరుతున్నాయి.

యంత్రానికి నాడి పట్టేది ఇదే

ఫ్రాన్స్‌కు చెందిన పొక్లెయిన్ కంపెనీ పేరే తెలుగునాట ప్రొక్లెయిన్‌గా మారి, ఎక్స్‌కవేటర్ జాతి యంత్రాలన్నింటికీ వ్యవహార నామమైంది. పాత తరం యంత్రాల్లో పంపును, వాల్వులను నియంత్రించేది ప్రధానంగా నూనె పీడనమే. ఇప్పటి యంత్రాల్లో ఆ బాధ్యతలో అధిక భాగం ఎలక్ట్రానిక్ కంట్రోలర్‌కు చేరింది. కంట్రోలర్‌కు కళ్లూ చెవులూ సెన్సర్లే. పంపు నుంచి వెలువడే నూనె ఎంత పీడనంలో ఉందో ఒక సెన్సర్ చెబుతుంది. ఆపరేటర్ ఏ లీవర్‌ను కదిపాడో, ట్రాక్ పెడల్ తొక్కాడో లేదో పైలట్ లైన్లలోని మరికొన్ని సెన్సర్లు తెలియజేస్తాయి. ఈ సమాచారాన్ని బట్టి కంట్రోలర్ పంపు భారాన్ని ఇంజిన్ శక్తికి తగినట్టుగా సర్దుతుంది. లీవర్లు కదలనప్పుడు ఇంజిన్ వేగాన్ని తగ్గించి డీజిల్ ఆదా చేస్తుంది.

సెన్సర్ నుంచి సమాచారం ఆగిపోతే కంట్రోలర్ చీకట్లో పడుతుంది. నూనె పీడనం ఎంతుందో తెలియనప్పుడు యంత్రానికి హాని కలగకుండా ముందుగా నిర్ణయించిన విలువతో జాగ్రత్తగా నడుపుతుంది. ఫలితంగా తవ్వకం మందగిస్తుంది, లేదా లోడు పడినప్పుడు ఇంజిన్ డౌన్ అవుతుంది. అరిగిపోయిన పంపు చూపే లక్షణాలు కూడా ఇంచుమించు ఇవే. మెకానిక్‌లు పొరబడేది ఇక్కడే. ఇక పైలట్ సెన్సర్ చెడితే లీవర్ కదిపినా ఇంజిన్ వేగం పెరగకపోవడం, బండి నడిచేటప్పుడు మోగాల్సిన అలారం మోగకపోవడం వంటివి కనిపిస్తాయి.

అరవోల్టులోని అర్థం

సెన్సర్ పనితీరు తెలిస్తే లోపాన్ని పట్టుకోవడం సులభం. సెన్సర్ లోపల పలుచని లోహపు పొర ఉంటుంది. నూనె పీడనానికి అది కంటికి కనిపించనంత స్వల్పంగా వంగుతుంది. దానికి అంటిపెట్టుకుని ఉన్న సూక్ష్మ నిరోధకాల విలువ ఆ వంపును బట్టి మారుతుంది. ఇంటర్ భౌతికశాస్త్రంలో విద్యార్థులు చదువుకునే వీట్‌స్టోన్ వంతెన సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. ఆ మార్పును సెన్సర్‌లోని చిన్న సర్క్యూట్ పెద్దది చేసి వోల్టేజీ రూపంలో కంట్రోలర్‌కు పంపుతుంది.

ఇటువంటి సెన్సర్‌కు సాధారణంగా మూడు తీగలుంటాయి. ఒకటి కంట్రోలర్ నుంచి 5 వోల్టుల సరఫరా తెస్తుంది. రెండోది ఎర్త్. మూడోది సెన్సర్ నుంచి కంట్రోలర్‌కు సంకేతాన్ని తీసుకువెళుతుంది. విస్తృతంగా వాడుకలో ఉన్న రకంలో పీడనం ఏమీ లేనప్పుడు సంకేతం 0.5 వోల్టు, గరిష్ఠ పీడనం వద్ద 4.5 వోల్టులు ఉంటుంది.

సున్నా నుంచి మొదలుపెట్టకుండా అరవోల్టు నుంచి ఎందుకు మొదలుపెట్టారన్న సందేహం రావడం సహజం. ఇందులోనే రహస్యం ఉంది. పీడనం లేనప్పుడు సెన్సర్ సున్నా వోల్టు పంపితే, సంకేతపు తీగ ఎర్త్‌కు తగిలినప్పుడు కూడా సున్నాయే వస్తుంది కనుక ఆ రెంటికీ తేడా తెలియదు. అరవోల్టు ఉన్నంతవరకు సెన్సర్ సజీవంగా ఉన్నట్టు లెక్క. సంకేతం అంతకంటే బాగా దిగువకు పడిపోయినా, 4.5 వోల్టులను మించి 5 వోల్టుల సమీపానికి చేరినా అది నూనె పీడనం కాదని, విద్యుత్ లోపమని కంట్రోలర్ గ్రహిస్తుంది. వెంటనే కోడ్ నమోదు చేస్తుంది.

కోడ్ చెప్పేది సర్క్యూట్ పేరు

మానిటర్‌పై వచ్చే కోడ్‌ను చాలామంది తీర్పుగా భావిస్తారు. అది ఫిర్యాదు మాత్రమే. ‘పంపు-1 పీడన సెన్సర్, వోల్టేజీ తక్కువ’ అని కోడ్ వస్తే సెన్సర్ చెడిందని అర్థం కాదు. ఆ సెన్సర్, దాని కప్లర్, మూడు తీగలు, కంట్రోలర్‌లోని సంబంధిత పిన్ను.. వీటన్నింటితో కూడిన సర్క్యూట్‌లో ఎక్కడో తేడా ఉందని అర్థం. వీటిలో చెడినది ఏదో వెతికి పట్టుకోవాల్సిన బాధ్యత మెకానిక్‌దే.

భారీ వాహనాలు, యంత్రాల కోసం రూపొందిన ఎస్‌ఏఈ జే1939 ప్రమాణాన్ని అనుసరించే యంత్రాల్లో కోడ్‌కు రెండు భాగాలుంటాయి. మొదటి భాగమైన ఎస్‌పీఎన్ ఏ సర్క్యూటో చెబుతుంది. రెండోదైన ఎఫ్‌ఎంఐ లోపం తీరును చెబుతుంది. ఎఫ్‌ఎంఐ 3 అంటే వోల్టేజీ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. 4 అంటే తక్కువ. 2 అంటే సమాచారం నిలకడగా లేదు. 5 అంటే కరెంటు తక్కువగా ఉంది, లేదా సర్క్యూట్ తెగింది. 6 అంటే కరెంటు ఎక్కువగా ఉంది, లేదా సర్క్యూట్ ఎర్త్‌కు తగిలింది. ఈ చివరి అంకెను గమనిస్తే సగం దారి తెలిసినట్టే. అన్ని కంపెనీల యంత్రాల్లో కోడ్‌లు ఒకే తీరుగా ఉండవు కనుక ఆయా మోడల్ మాన్యువల్‌తో సరిచూసుకోవడం తప్పనిసరి.

కోడ్‌ను చెరిపివేయడానికి ముందు దాన్ని కాగితంపై రాసుకోవాలి. ఎప్పుడు వచ్చింది, బండి చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన తర్వాతా, వాన పడినప్పుడా, సర్వీసింగ్‌లో నీటితో కడిగిన మరునాడా అని ఆపరేటర్‌ను అడిగి తెలుసుకోవాలి. రోజంతా సీటులో కూర్చునే ఆపరేటర్ చెప్పే వివరాలు గంటల శ్రమను తప్పిస్తాయి.

భద్రత తర్వాతే ఏదైనా

20 టన్నుల తరగతి ప్రొక్లెయిన్‌లో ప్రధాన హైడ్రాలిక్ పీడనం 350 బార్‌ల సమీపానికి చేరుతుంది. లారీ టైరులోని గాలి పీడనానికి ఇది సుమారు 40 రెట్లు. సూదిమొనంత రంధ్రం నుంచి ఈ పీడనంలో చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూసుకుపోతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా శస్త్రచికిత్స అవసరమయ్యే అత్యవసర పరిస్థితి అది. ఆలస్యం చేస్తే వేలు, చెయ్యి కోల్పోయే ప్రమాదముంది. లీకేజీని ఎన్నడూ చేతితో తడిమి చూడకూడదు. అట్టముక్కతో చూడాలి.

పరీక్షకు ముందు యంత్రాన్ని చదునైన నేలపై నిలిపి, బకెట్‌ను నేలకు ఆనించి, ఇంజిన్ ఆపాలి. తర్వాత తాళం ఆన్ చేసి, సేఫ్టీ లీవర్‌ను తెరిచి, కంట్రోల్ లీవర్లన్నింటినీ అన్ని వైపులా పలుమార్లు కదిపి లైన్లలో మిగిలిన పీడనాన్ని వదలాలి. హైడ్రాలిక్ ట్యాంకులోని గాలి పీడనాన్ని కూడా తీసేయాలి. విద్యుత్ పరీక్షలకు సెన్సర్‌ను విప్పనవసరం లేదు. కప్లర్ ఊడదీస్తే చాలు. సెన్సర్‌ను స్పానర్‌తో విప్పడం చివరి మెట్టు మాత్రమే.

మీటరు కన్నా ముందు కళ్లు

చాలా లోపాలు మీటరు బయటికి తీయకముందే కంటికి కనిపిస్తాయి. బ్యాటరీ టెర్మినళ్లు బిగువుగా ఉన్నాయా, ఎర్త్ బోల్టు తుప్పు పట్టిందా అన్నది మొదట చూడాలి. తర్వాత సెన్సర్ కప్లర్‌ను ఊడదీసి పరిశీలించాలి. పిన్నులకు పచ్చని చిలుము పట్టి ఉంటే లోపలికి తేమ చేరినట్టే. అధిక పీడనపు నీటితో ఇంజిన్, పంపు గదులను కడిగినప్పుడు నీరు కప్లర్ల రబ్బరు సీలును దాటి లోపలికి చొరబడుతుంది. తీర ప్రాంతాల ఉప్పు గాలిలో, చేపల చెరువుల గట్లపై పనిచేసే బండ్లలో చిలుము మరింత త్వరగా పడుతుంది. పిన్ను వంగినా, వెనక్కి జారినా, కప్లర్ లాక్ విరిగినా సంబంధం తెగుతుంది.

అక్కడి నుంచి తీగల దారి పట్టాలి. పంపు గదిలోని సెన్సర్ నుంచి ఆపరేటర్ సీటు వెనుక ఉండే కంట్రోలర్ వరకు వైరింగ్ కట్ట ఇనుప రేకుల అంచుల పక్కగా, హోస్ పైపుల మధ్యగా సాగుతుంది. క్లాంపు ఊడిన చోట కట్ట వేలాడి, ఇంజిన్ కంపనానికి రేకు అంచుపై ఒరుసుకుంటుంది. తొలుత పైతొడుగు, తర్వాత తీగపై ప్లాస్టిక్ అరిగి, చివరికి రాగి బయటపడుతుంది. సైలెన్సర్ వేడికి కరిగిన చోట్లు, ఎలుకలు కొరికిన చోట్లు కూడా చూడాలి. పని లేక వారాల తరబడి నిలిపి ఉంచిన బండ్లలో ఎలుకల బెడద సర్వసాధారణం.

మల్టీమీటరుతో అయిదు మెట్లు

కంటికి ఏమీ చిక్కకపోతే మీటరు పని మొదలవుతుంది. డిజిటల్ మల్టీమీటరును డీసీ వోల్టులపై ఉంచాలి.

మొదటి మెట్టు: తాళం ఆఫ్ చేసి సెన్సర్ కప్లర్ ఊడదీయాలి. మళ్లీ తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, వైరింగ్ వైపు కప్లర్‌లో సరఫరా పిన్నుకు, ఎర్త్ పిన్నుకు మధ్య వోల్టేజీ కొలవాలి. 5 వోల్టులకు సమీపంగా వస్తే ఆ రెండు తీగలూ సవ్యంగా ఉన్నట్టే.

రెండో మెట్టు: 5 వోల్టులు రాకపోతే మీటరు నలుపు తీగను కప్లర్ ఎర్త్ పిన్ను నుంచి తీసి బండి బాడీకి ఆనించాలి. ఇప్పుడు 5 వోల్టులు వస్తే సరఫరా బాగుంది, ఎర్త్ తీగ తెగింది. అప్పటికీ రాకపోతే సరఫరా తీగ తెగడమో, ఎర్త్‌కు తగలడమో జరిగి ఉండాలి, లేదా కంట్రోలర్ నుంచే సరఫరా రావడం లేదు.

మూడో మెట్టు: సరఫరా, ఎర్త్ రెండూ బాగుంటే కప్లర్‌ను తిరిగి బిగించి, దాని వెనుక భాగం నుంచి తీగ పక్కగా సన్నని పిన్ను చొప్పించి సంకేతపు తీగపై వోల్టేజీ చూడాలి. ఇంజిన్ ఆగి, పీడనం వదిలి ఉన్నప్పుడు 0.5 వోల్టు దరిదాపుల్లో ఉండాలి. ఇంజిన్ నడుపుతూ లోడు పెంచితే వోల్టేజీ కూడా నిలకడగా పెరగాలి. ఇంజిన్ నడిచేటప్పుడు కొలతకు పొడవైన మీటరు తీగలు వాడి, ఫ్యాను, బెల్టులకు దూరంగా ఉండాలి. లీవర్లను ఆపరేటర్ సీటులో కూర్చునే కదపాలి.

ఎంత పీడనానికి ఎంత వోల్టేజీ రావాలో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. సెన్సర్ సామర్థ్యం 500 బార్‌లనుకుంటే, 0.5 నుంచి 4.5 వరకు ఉన్న 4 వోల్టులను 500 బార్‌లకు పంచాలి. అంటే ప్రతి 100 బార్‌లకు 0.8 వోల్టు. 100 బార్‌ల వద్ద 1.3 వోల్టులు, 200 వద్ద 2.1, 350 వద్ద 3.3 వోల్టులు రావాలి. పైలట్ లైన్ సెన్సర్ సామర్థ్యం 50 బార్‌లైతే 40 బార్‌ల వద్ద 3.7 వోల్టులు రావాలి. సెన్సర్ సామర్థ్యం, వోల్టేజీ పరిధి మోడల్‌ను బట్టి మారతాయి కనుక మాన్యువల్‌లోని విలువలనే ప్రామాణికంగా తీసుకోవాలి.

నాలుగో మెట్టు: సెన్సర్ వద్ద సంకేతం సక్రమంగా ఉండి, మానిటర్‌లో మాత్రం తప్పుగా కనిపిస్తుంటే కంట్రోలర్ పిన్ను వద్ద అదే సంకేతాన్ని కొలవాలి. రెండు చోట్లా ఒకే విలువ రావాలి. తేడా ఉంటే దోషం మధ్య దారిలోని తీగదే.

అయిదో మెట్టు: తీగను నిర్ధారించుకోవడానికి తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ నెగెటివ్ తీగను, సెన్సర్, కంట్రోలర్ కప్లర్లను ఊడదీయాలి. మీటరును ఓమ్‌లపై ఉంచాలి. తీగ రెండు కొసల మధ్య నిరోధం దాదాపు సున్నా రావాలి. అదే తీగకు, బండి బాడీకి మధ్య ఏ సంబంధమూ కనిపించకూడదు. మూడు తీగల్లో ఏ రెంటి మధ్యా సంబంధం ఉండకూడదు. తీగకు, బాడీకి మధ్య మీటరు కూత పెడితే ఎక్కడో రాగి ఇనుముకు తగిలిందని అర్థం.

ఒకేసారి నాలుగైదు కోడ్‌లు వస్తే

కొన్నిసార్లు మానిటర్‌పై వరుసగా నాలుగైదు సెన్సర్ల కోడ్‌లు వస్తాయి. అన్నీ ఒకేసారి చెడ్డాయనుకుని కంట్రోలర్ మార్చాలన్న నిర్ణయానికి రావడం పెద్ద పొరపాటు. చాలా యంత్రాల్లో పలు సెన్సర్లకు 5 వోల్టుల సరఫరా ఒకే లైను నుంచి వెళుతుంది. ఒకే ఫీడరుపై ఉన్న ఒక మోటారు షార్ట్ అయితే ఆ లైనులోని ఇతర మోటార్లూ ఆగిపోయినట్టే, ఒక్క సెన్సర్ లోపల షార్ట్ అయినా మొత్తం లైనులో వోల్టేజీ పడిపోతుంది. నిర్దోషులైన సెన్సర్లపైనా ఫిర్యాదు నమోదవుతుంది.

దీన్ని పట్టుకోవడం సులభం. సరఫరా లైనుపై మీటరును ఉంచి, తాళం ఆన్‌లో ఉండగా సెన్సర్ల కప్లర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ పోవాలి. ఏ కప్లర్ తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తే ఆ సెన్సర్, లేదా దానికి వెళ్లే తీగే దోషి. అన్నీ తీసినా వోల్టేజీ రాకపోతే సరఫరా తీగ బాడీకి తగిలిందేమో చూడాలి. అదీ కాదని తేలిన తర్వాతే కంట్రోలర్‌ను అనుమానించాలి.

జతను మార్చి చూస్తే..

మీటరు వాడకం అంతగా తెలియనివారికి మరో దారి ఉంది. రెండు పంపులున్న యంత్రాల్లో పంపు-1, పంపు-2 సెన్సర్లు సాధారణంగా ఒకే రకానివి. పార్ట్ నంబరు ఒకటేనని నిర్ధారించుకుని, పీడనం పూర్తిగా వదిలిన తర్వాత రెంటినీ పరస్పరం మార్చాలి. కోడ్ పంపు-1 నుంచి పంపు-2కు మారితే సెన్సర్ చెడినట్టు. కోడ్ పాత చోటే ఉంటే సెన్సర్ నిర్దోషి, లోపం తీగలోనో, కప్లర్‌లోనో ఉంది. కొత్త సెన్సర్ కొనకముందే ఈ విషయం తేలిపోతుంది. సామర్థ్యం వేరైన పైలట్ సెన్సర్‌ను ప్రధాన లైనులో బిగిస్తే అది పగిలిపోయే ప్రమాదం ఉన్నందున పార్ట్ నంబరు సరిచూడటం మరవకూడదు.

మరో విషయాన్నీ గమనించాలి. రెండు తీగలే ఉన్నవి చాలావరకు సెన్సర్లు కావు, ప్రెజర్ స్విచ్‌లు. అవి పీడనం ఉందా లేదా అన్నంతవరకే చెబుతాయి. వాటి పరీక్ష వేరు. పీడనం ఉన్నప్పుడు, లేనప్పుడు స్విచ్ కలుస్తోందా, విడిపోతోందా అని చూస్తే చాలు.

వచ్చిపోయే లోపమే అసలు తలనొప్పి

మెకానిక్ వచ్చేసరికి బండి సవ్యంగా ఉంటుంది. ఆయన వెళ్లగానే కోడ్ మళ్లీ వస్తుంది. పట్టు సడలిన పిన్ను, సగం తెగిన తీగ, ఒరుసుకుని అప్పుడప్పుడు మాత్రమే బాడీకి తగిలే రాగి దీనికి ప్రధాన కారణాలు. సంకేతంపై మీటరును ఉంచి, ఇంజిన్ ఆపి తాళం మాత్రమే ఆన్‌లో ఉండగా, కప్లర్ వద్ద మొదలుపెట్టి వైరింగ్ కట్టను జానెడు జానెడు చొప్పున కదుపుతూ, మెల్లగా వంచుతూ పోవాలి. ఎక్కడ కదిపినప్పుడు అంకె ఎగిరిపడితే అక్కడే రోగం. మీటరులో కనిష్ఠ, గరిష్ఠ విలువలను నమోదు చేసే సదుపాయం ఉంటే క్షణకాలపు తేడా కూడా దాటిపోదు. వేడెక్కిన తర్వాతే లోపం కనిపించే బండిని, అదే వేడిలో పరీక్షించాలి.

ఆఖరి సాక్షి.. గేజి

సరఫరా, ఎర్త్, సంకేతం మూడూ సవ్యంగా ఉండి, కప్లర్లు శుభ్రంగా ఉన్నా బండి మెత్తగానే ఉంటే అప్పుడు పంపు వంతు వస్తుంది. అయినా విప్పకూడదు. పంపు వద్ద ఉండే టెస్ట్ పోర్టుకు తగిన సామర్థ్యం గల ప్రెజర్ గేజి బిగించి, మానిటర్ చూపే పీడనంతో పోల్చాలి. గేజిలో పూర్తి పీడనం కనిపించి మానిటర్‌లో తక్కువ ఉంటే సెన్సర్ అబద్ధం చెబుతోంది. రెంటిలోనూ తక్కువే ఉంటే సెన్సర్ నిజం చెబుతోంది, లోపం రిలీఫ్ వాల్వులోనో, పంపులోనో ఉంది. పంపును విప్పాలన్న నిర్ణయం ఈ కొలతను, నూనె ప్రవాహపు పరీక్షను చేతిలో పెట్టుకుని తీసుకోవాలి.

ఇవి చేయొద్దు

క్వారీల్లో కనిపించే కొన్ని అలవాట్లు లోపాన్ని సరిచేయకపోగా కొత్త లోపాలను తెచ్చిపెడతాయి. ప్రొక్లెయిన్లలో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసలో కలిపి 24 వోల్టుల వ్యవస్థను నడుపుతారు. బల్బు తగిలించిన తీగతో సెన్సర్ లైన్లను పరీక్షిస్తే, బల్బు లాగే కరెంటుకు కంట్రోలర్ దెబ్బతినవచ్చు. 24 వోల్టులను నేరుగా సెన్సర్‌కు ఇస్తే అది కాలిపోవచ్చు. సెన్సర్ లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది కనుక దాని పిన్నుల మధ్య ఓమ్‌లు కొలిచి మంచిచెడ్డలు తేల్చలేం. తీగపై ప్లాస్టిక్‌ను సూదితో గుచ్చి కొలిస్తే ఆ రంధ్రం గుండా తేమ చేరి కొన్ని నెలలకు రాగి కుళ్లిపోతుంది.

వెల్డింగ్ విషయంలో మరింత అప్రమత్తత అవసరం. బకెట్ పళ్లు, అంచులకు వెల్డింగ్ క్వారీల్లో నిత్యకృత్యం. బ్యాటరీ తీగలు, కంట్రోలర్ కప్లర్లు ఊడదీయకుండా, వెల్డింగ్ ఎర్త్‌ను ట్రాక్‌కో, మరెక్కడో దూరంగా తగిలిస్తే ఆ కరెంటు బేరింగులు, వైరింగ్ గుండా ప్రయాణించి కంట్రోలర్‌ను, సెన్సర్లను దెబ్బతీస్తుంది. ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే భాగానికే, వీలైనంత దగ్గరగా బిగించాలి.

అతుకు గట్టిగా ఉంటేనే..

లోపం దొరికాక దాన్ని సరిచేసే తీరు కూడా ముఖ్యమే. రెండు తీగలు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుడితే తొలి వానకే కోడ్ మళ్లీ వస్తుంది. తగిన క్రింపు జాయింట్‌తో అతికి, వేడిచేస్తే బిగుసుకునే స్లీవ్ తొడగాలి. చిలుము పట్టిన పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రపరచాలి. పట్టు సడలిన పిన్నులను, చెడిన రబ్బరు సీలును మార్చాలి. కట్ట ఒరుసుకున్న చోట క్లాంపును తిరిగి బిగించి, రేకు అంచుకు రబ్బరు తొడుగు వేయాలి. ఆ తర్వాత కోడ్‌ను చెరిపి, బండిని పూర్తి లోడుపై నడిపి, నూనె వేడెక్కిన తర్వాత కూడా కోడ్ రాలేదని నిర్ధారించుకోవాలి.

తొలుత చెప్పిన బండి విషయానికే వస్తే, కోడ్ ‘పంపు-1 సెన్సర్ వోల్టేజీ తక్కువ’ అని ఉందనుకుందాం. కప్లర్‌లో 5 వోల్టులు సక్రమంగా వచ్చాయి. కప్లర్ బిగించి చూస్తే సంకేతపు తీగపై అరవోల్టు ఒక క్షణం కనిపించి, మరుక్షణం సున్నాకు పడిపోయింది. రెండు కొసలా కప్లర్లు ఊడదీసి ఓమ్‌లు కొలిస్తే సంకేతపు తీగకు, బాడీకి మధ్య మీటరు కూత పెట్టింది. తీగ దారి వెంట వెతికితే పంపు గది అడ్డురేకు అంచున, క్లాంపు ఊడిన చోట రాగి మెరుస్తూ కనిపించింది. ఒక జాయింటు, ఒక స్లీవ్, ఒక క్లాంపు. పొద్దు వాలకముందే బకెట్ తిరిగి మట్టిలోకి దిగుతుంది. మీటరు లేకపోతే ఇదే బండి పంపు విప్పుకుని రోజుల తరబడి షెడ్డులో పడి ఉండేది. వాయిదా గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగేది కాదు.

పంపులకు స్పానర్ పట్టడంలో ఆరితేరిన మెకానిక్‌లకు మన ప్రాంతంలో కొదవ లేదు. ఆ చేతులకు మీటరు కూడా అలవాటైతే యజమానికి ఖర్చు, ఆపరేటర్‌కు పనిదినాలు, మెకానిక్‌కు పరువు మూడూ దక్కుతాయి.